చెవి వాచింది – తమ్మె వాచలేదు!

మీ చెవిదొప్పను వేళ్ళతో ముందుకు మడిచి వదలండి. చటుక్కున మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. ఇప్పుడు కమ్మలు పెట్టుకొనే తమ్మెను పట్టి చూడండి. మెత్తగా వేలాడుతుంది. చెవిదొప్పలో మృదులాస్థి ఉంది, తమ్మెలో లేదు. ఒక అరుదైన జబ్బును గుర్తించటానికి వైద్యులకు ఈ తేడా ఎంతో ఉపయోగపడుతుంది.

ఆ జబ్బులో చెవిదొప్ప ఎర్రగా కంది, వాచి, తాకితే నొప్పెడుతుంది. తమ్మె మాత్రం మామూలుగానే ఉంటుంది. సూక్ష్మజీవులవల్ల చర్మం వాస్తే సాధారణంగా తమ్మెను కూడా విడిచిపెట్టదు కదా! 1923లో యాక్ష్-వార్టెన్‌హోర్స్ట్ అనే వైద్యుడు దీనిని వర్ణించాడు. 1960లో పియర్సన్, ఆయన సహచరులు దీనికి 'రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్' అని పేరు పెట్టారు. పలుచోట్ల మృదులాస్థి వాచి, తగ్గి, మళ్ళీ మళ్ళీ వాచటం అని అర్థం. ఎక్కువగా నడివయస్సు వారికి వస్తుంది. పిల్లలలో బహు అరుదు.

మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి మృదులాస్థి మీద దాడి చేస్తుంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. చుట్టూ ఉన్న పొర నుంచి ఊరి వచ్చే పోషకాలతోనే అది బ్రతుకుతుంది. అందుకే ఒకసారి పాడైతే సరిగా పూడుకోదు. ముక్కు దూలం కుంగిపోవచ్చు.

అసలు ప్రమాదం వాయునాళంలో ఉంది. దానిని తెరచి ఉంచేవి మృదులాస్థి ఉంగరాలే. ఒక చిన్న లెక్క చేద్దాం. గాలి ఒడిదుడుకులు లేకుండా ప్రవహిస్తే, గొట్టంలో అవరోధం వ్యాసార్ధపు నాలుగవ ఘాతానికి విలోమంగా ఉంటుంది. పెద్దవారి గొట్టం వ్యాసం 16 మిల్లీమీటర్లు అనుకొందాం. చుట్టూ 1 మిల్లీమీటరు వాస్తే 14 అవుతుంది. అవరోధం సుమారు 1.7 రెట్లు. చిన్నపిల్లవాడి గొట్టం 6 నుంచి 4కు తగ్గితే? సుమారు 5 రెట్లు! వాపు అంతే, ఫలితం వేరు. పిల్లవాడి గొంతు బొంగురుపోయినా, ఊపిరి పీల్చేటప్పుడు కీచుమన్నా వైద్యులు తొందరపడేది ఇందుకే.

చికిత్సలో మొదటి మందు సాధారణంగా ప్రెడ్నిసొలోన్. వాపును త్వరగా అణుస్తుంది. కాని ఎక్కువ కాలం వాడితే ముఖం ఉబ్బుతుంది, ఎముకలు పలుచబడతాయి, పొడవు పెరగటం మందగిస్తుంది. ఎదిగే పిల్లలకు ఇది చిన్న నష్టం కాదు. అలాగని ఒక్కసారిగా మానరాదు. బయటినుంచి మందు వస్తూంటే అధివృక్క గ్రంథులు తమ పని తగ్గించుకొంటాయి. అవి తిరిగి మేల్కొనేదాకా మోతాదును మెల్లమెల్లగా తగ్గించాలి. ఆ లోటు తీర్చటానికి మెథోట్రెక్సేట్ జతచేస్తారు. ఇది వారానికి ఒక్కసారే. రోజూ ఇస్తే ప్రాణాపాయం. లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, టోసిలిజుమాబ్ వంటి కొత్త మందులున్నాయి.

ఇన్ని మందులిచ్చినా వాయునాళం మూసుకుపోతూంటే, మెడ ముందుభాగాన రంధ్రం చేసి గొట్టం అమరుస్తారు. గాలి ఇరుకైన చోటును తప్పించుకొని, ఆ దారిన ఊపిరితిత్తులకు చేరుతుంది.