తెరమీది బొమ్మయు చేతిలోని పనియు

పదిమంది చూచుచుండగా చేయు పనికిని, ఒంటరిగా చేయు పనికిని భేదము కలదని తరగతిలో పద్య మప్పగించిన ప్రతి విద్యార్థియు నెరుగును. చక్కగా వచ్చిన పద్యమైనచో గొంతు హెచ్చును. సగము వచ్చినదైనచో మొదటి పాదముననే నాలుక తడబడును. చూచువాడు మనుష్యుడు గాక కంప్యూటరు తెరమీది బొమ్మయైనచో నేమగును? బొమ్మలే పాఠములు చెప్పుచున్న యీ కాలమున నిది బాలురకును, వారి తలిదండ్రులకును సంబంధించిన ప్రశ్నయే.

1898వ సంవత్సరమున అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున నార్మన్ ట్రిప్లెట్ అను నాతడు, గాలపుదారము చుట్టు చక్రములను 40 మంది పిల్లలచే త్రిప్పించెను. పోటీయందు 20 మందికి వేగము హెచ్చెను. 10 మందికి అంతగా మార్పు కలుగలేదు. తక్కిన 10 మంది తొట్రుపడి వెనుకబడిరి. ఈ కడపటి పదిమందిని చాలమంది మరచెదరు గాని, విషయమంతయు వారియందే యున్నదని నా తలంపు.

వీరి తొట్రుపాటునకు తగిన కారణమును 1965లో రాబర్ట్ జాయన్స్ చెప్పెను. చూచువారున్నపుడు మనకు మొదట తోచునదే బలపడును. అలవాటైన పనిలో మొదట తోచునది ఒప్పు. క్రొత్త పనిలో అది తరచుగా తప్పు. 1969లో ఆయనయు, సహచరులును బొద్దింకలను పరీక్షించిరి. తోడి బొద్దింకలు చూచుచుండగా, వెలుతురునుండి పారిపోవు బొద్దింక తిన్నని దారిలో త్వరగాను, మలుపుదారిలో ఆలస్యముగాను గమ్యము చేరెను. బొద్దింకకును సభాకంపమా యని నవ్వవచ్చును!

ఇక తెరబొమ్మ సంగతి. 2000వ సంవత్సరమున రికెన్‌బర్గ్, రీవ్స్ అను వారు ప్రకటించిన పరిశోధనలో, తమ పనిని కనిపెట్టుచున్నట్లు తోచు బొమ్మ యెదుట జనులకు కలవరము హెచ్చెను, పని తగ్గెను. తమ జయాపజయములు పరుల చేతిలో నున్నవని తలంచువారికి ఆ కలవరము మరింత యెక్కువ. విచిత్రమేమన, ఆ తెరపై చదివిన సమాచారముపై నమ్మకము మాత్రము పెరిగెను. పని చెడగొట్టినదానినే నమ్ముట!

2003లో హోయిట్, బ్లాస్కోవిచ్, స్విన్త్ అను వారు మరియొక మెట్టు ముందునకు పోయిరి. యంత్రకల్పితమైన గదిలో కొన్ని బొమ్మలను మనుష్యులే నడుపుచున్నారనియు, కొన్నిటిని కంప్యూటరే నడుపుచున్నదనియు జనులకు చెప్పిరి. క్రొత్త పని చేయువారు మనుష్యులు నడుపు బొమ్మల యెదుటనే వెనుకబడిరి. కంప్యూటరు బొమ్మలు వారి నంతగా బాధింపలేదు. ఈ ఫలితము మునుపటిదానితో పూర్తిగా పొసగదు. బొమ్మ యెవరిదైనను, అది మన తప్పుల నెన్నుచున్నదన్న భావమే పనికి అడ్డుపడునని నాకు తోచుచున్నది. వల్లెవేసిన ఎక్కములు చెప్పు బాలునికి అట్టి బొమ్మవలన నష్టముండకపోవచ్చును. భిన్నములను తొలిసారి కూడుచున్న బాలుని ప్రక్కన, ప్రతి తప్పునకు తల యూపు బొమ్మ నుంచుట మాత్రము వేరు సంగతి.

మైక్రోసాఫ్ట్ సంస్థవారి ఆఫీస్ 97లో క్లిప్పీ యను కాగితపు క్లిప్పు బొమ్మ యుండెడిది. ఉత్తరము మొదలిడగానే అది కన్నులు త్రిప్పుచు సాయము చేయుదునా యని యడిగెడిది. ఉత్తరమునందలి ప్రతి వాక్యమును క్రొత్త పనియే గదా! జనులు విసిగిరి. 2001 నాటి కూర్పులో అది పిలిచిననే వచ్చునట్లు చేసిరి. 2007 నాటి కూర్పులో తీసివేసిరి.