వ్యాయామము మొదలిడువారికి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణములలో మగ్గముకడనో, అంగడిలోనో దినమెల్ల కూర్చుండి పనిచేయువారు పెక్కురు. వీరు వ్యాయామము మొదలిడినచో తొలినాడే నూరు బస్కీలు తీయరాదు. అలవాటులేని కండరములు, కీళ్లు నొచ్చి, నాలుగునాళ్లకే ఆసక్తి నశించును.

మొదటివారము రోజునకు 10 నిమిషములు నడచిన చాలును. ఆపై వారమునకు 5 నిమిషముల వంతున పెంచుకొందము. రోజునకు 30 నిమిషములు, వారమునకు అయిదు రోజులు చురుకుగా నడచితిమేని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పు 150 నిమిషములు పూర్తియగును. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేకున్న వేగము సరియైనదే.

పులివెందుల మొదలు పెన్న యొడ్డు వరకు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. కావున తెల్లవారుజామునే నడువవలెను. రొమ్మునొప్పి, తలతిరుగుడు తోచిన తక్షణమే ఆగి వైద్యుని చూడవలెను. గుండెజబ్బు, మధుమేహము, రక్తపుపోటు గలవారు ముందుగానే ఆయన సలహా పొందవలెను. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట వ్యాయామమునకును వర్తించును.