గీతలు పడ్డ సీడీకి ఇంటివైద్యం

పిల్లలూ! మీ ఇంట్లో బీరువా అడుగున పాత సీడీలు ఉన్నాయేమో చూడండి. అన్నమయ్య కీర్తనల సీడీ పాడైతే మరొకటి సంపాదించుకోవచ్చు. అవ్వ పాడిన గొబ్బిపాటలు రికార్డు చేసిన సీడీ పోతే మళ్లీ దొరకదు. కాబట్టి చేయి వేసేముందు దాని నిర్మాణం తెలుసుకుందాం.

సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా పాలికార్బనేట్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్కే. పాట తాలూకు గుర్తులు పేరు అచ్చువేసిన వైపున, పల్చని లోహపు పొరను అంటుకుని ఉంటాయి. లేజర్ కిరణం రెండోవైపు నుంచి ప్లాస్టిక్కును దాటి అక్కడికి చేరి, తిరిగి వస్తుంది. అంటే మెరిసే వైపు పైపైన గీత పడితే పాట చెరిగిపోలేదు. కిరణం చెదిరిపోతోంది, అంతే. మరి పేరున్న వైపు గీత పడితే? దీపానికి ఎదురుగా పట్టి చూడండి. సూదిబెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే అక్కడ లోహపు పొర ఊడిపోయినట్లే. దానికి ఏ వైద్యమూ లేదు.

కిటికీకుండే గరుకు అద్దం మీద, గరుకు వైపున, నీళ్లు చల్లండి. అవతలి చెట్టు కనిపిస్తుంది! ఎత్తుపల్లాలు నీటితో నిండి ఉపరితలం నునుపయింది, కాంతి చెదరడం తగ్గింది. టూత్‌పేస్టు పని వేరు. అది గీతను నింపదు. అందులోని మెత్తని పొడి గీత అంచులను అరగదీసి నునుపు చేస్తుంది.

ముందు సబ్బునీటితో కడగండి. చాలాసార్లు దోషం వేలిముద్రలదే! అప్పటికీ ఆడకపోతే తెల్లని పేస్టు కొంచెం తీసుకుని, పాత నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా రుద్దండి. గుండ్రంగా ఎందుకు రుద్దకూడదు? గుడ్డ కూడా సన్నని గీతలు పెడుతుంది మరి. పాట గుర్తులు చుట్లు చుట్లుగా ఉంటాయి. అడ్డగీతను కిరణం చటుక్కున దాటేస్తుంది. సుమారు 2 మిల్లీమీటర్ల లోటునైతే యంత్రం లెక్కకట్టి పూడ్చుకుంటుంది. చుట్టు వెంబడి సాగే గీత దగ్గర ఆ లెక్క సరిపోదు. తర్వాత కడిగి నీడన ఆరబెట్టండి. గోళ్లరంగు తుడిచే ద్రవం మాత్రం వద్దు, ప్లాస్టిక్కు తెల్లబడిపోతుంది.

మొదట పనికిరాని సీడీ మీద చేయి తిప్పుకోండి. అవ్వ పాట ఒక్కసారి పలికిందా, ఆ పూటే కంప్యూటరులోకి ఎక్కించండి.

తాతగారి నల్లని గ్రామఫోను రికార్డుల జోలికి మాత్రం పోకండి. 1980 ప్రాంతంలో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ‘బాలాజీ పంచరత్నమాల’ రికార్డుల్లో గాడే పాట. పేస్టుతో రుద్దితే అరిగేది ఆ గాడి గోడలే.