పొట్ట మీద ఓ కన్నేసి ఉంచు

సింగపూర్

మాధురీ,

28వ వారానికే పుట్టినా చంటివాడు కె.కె. ఆసుపత్రిలో తేరుకుంటున్నాడని విని మనసు కుదుటపడింది. గొట్టంతో పాలు పోయడం మొదలుపెట్టారన్నావు. పసిపిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి ఒక సంగతి ముందే చెప్తున్నాను.

నెలలు నిండని పిల్లలకు పేగు వాచి, కుళ్లిపోయే జబ్బు ఒకటుంది. నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్. వార్డులో ‘నెక్’ అంటారు. పాలు బాగానే పడుతున్నాయని మనం సంబరపడే రోజుల్లోనే, రెండు మూడు వారాల వయసులో తరచు వస్తుంది. అందరికీ రాదు. వస్తే మాత్రం గంటల్లో ముదరగలదు.

పొట్ట ఉబ్బి, బిగిసి, చర్మం నిగనిగలాడుతోందా? తాకితే మొహం ముడుస్తున్నాడా? గొట్టంలోంచి ఆకుపచ్చ పసరు వస్తోందా? డైపర్‌లో నెత్తుటి చార ఉందా? వెంటనే నర్సును పిలువు. చాలాసార్లు వీటికంటే ముందే బిడ్డ మందగిస్తాడు. ఊపిరి మధ్యమధ్య ఆగుతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఇవి వేరే ఇన్‌ఫెక్షన్‌లోనూ కనిపిస్తాయి, అందుకే తేల్చే పని డాక్టర్లకు వదిలెయ్యి. ‘వీడు నిన్నటిలా లేడు’ అని చెప్పడం మాత్రం నీ పని. రోజూ గుండెల మీద పడుకోబెట్టుకునేదానివి, మొహమాటపడకు.

అనుమానం వస్తే పాలు ఆపేస్తారు, పొట్ట ఎక్స్‌రే తీస్తారు, రక్తం పరీక్షిస్తారు, యాంటీబయాటిక్స్ ఇస్తారు. ‘బిడ్డను పస్తు పెడుతున్నారు’ అని ఏడవకు. పోషణ నరం ద్వారా అందుతుంది, పేగుకు విశ్రాంతి దొరుకుతుంది. పేగుకు చిల్లు పడితేనో, మందులకు లొంగకపోతేనో ఆపరేషన్ చేస్తారు. ఆ రోజుల్లో కూడా నువ్వు పాలు పిండి దాచడం మానకు, లేకపోతే తగ్గిపోతాయి.

ఈ జబ్బు ముప్పును తగ్గించేవి తల్లిపాలు. పూర్తిగా ఆపలేవు గానీ డబ్బాపాల కంటే ఎంతో మేలు. నీ పాలు చాలకపోతే దాత పాలు ఇస్తామంటారు, సందేహించకు. 2017లో టెమాసెక్ ఫౌండేషన్ తోడ్పాటుతో మీ కె.కె. ఆసుపత్రిలోనే సింగపూర్‌లో మొదటి తల్లిపాల బ్యాంకు పెట్టారు. దాతలకు పరీక్షలు చేసి, పాలను పాశ్చరైజ్ చేసి ఇస్తారు.

మీ అత్తగారు గుంటూరు నుంచి వస్తున్నారుగా. తేనె, వస, ఆముదం, గ్రైప్ వాటర్ ఏవీ వాడి నోట పడకూడదు. పెద్దావిడ మాట కాదనలేకపోతే డాక్టరు వద్దన్నారని చెప్పు.

ఒకవేళ ఈ జబ్బు వచ్చి తగ్గినా, కొన్ని వారాలకు పేగు ఇరుకై అడ్డుపడొచ్చు. ఇంటికొచ్చాక ఆకుపచ్చగా కక్కినా, పొట్ట ఉబ్బినా, మలంలో నెత్తురు కనిపించినా తెల్లారేదాకా చూడొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లు. బిడ్డ నీరసించి వేలాడిపోతుంటే అంబులెన్సు కోసం 995కి కొట్టు. నాకు ఫోన్ ఆ తర్వాత చెయ్యొచ్చు.

నీ పెద్దమ్మ