వైద్యానికి చేయూతనిచ్చే వారికి మన కృతజ్ఞత

ఇంట్లో ఒకరు జబ్బుపడి, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి, కోలుకుని తిరిగి వస్తే మన నోట మొదట వచ్చే మాట 'అల్‌హందులిల్లాహ్'. అలా రావటమే సబబు. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ మాత్రమే. తాను జబ్బుపడినప్పుడు స్వస్థపరిచేవాడు ఆయనేనని హజ్రత్ ఇబ్రాహీం (అలై) తన జాతివారి ముందు ప్రకటించిన విషయం దివ్యఖుర్ఆన్‌లోని అష్‌షుఅరా సూరాలో ఉంది.

అయితే ఆ ఒక్క మాటతో మన బాధ్యత తీరిపోయిందా? రక్తమిచ్చిన వారు, మందుల ఖర్చు భరించిన వారు, రాత్రంతా మంచం పక్కన మేల్కొని కూర్చున్న వారు, ఆ మందు పనిచేస్తుందో లేదో తేల్చటానికి తమ శరీరాన్నే పరీక్షకు ఇచ్చిన వారు... వీరికి మనమీద ఏ హక్కూ లేదా?

"బాగుచేసింది అల్లాహ్. మధ్యలో మనుషులకు కృతజ్ఞతలేమిటి?" అని కొందరు అంటుంటారు. వినటానికి ఇది తౌహీద్ మాటలాగే ఉంటుంది. కాని దైవప్రవక్త (స) మనకు నేర్పిన తౌహీద్ ఇది కాదు.

దైవకృతజ్ఞతలో భాగమే

మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞత తెలుపనివాడేనని మహాప్రవక్త (స) బోధించారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ హదీసు ఉంది. లుఖ్మాన్ సూరాలో అల్లాహ్ తనకు కృతజ్ఞత తెలుపమని ఆదేశిస్తూ, అదే వాక్యంలో తల్లిదండ్రులకూ కృతజ్ఞత తెలుపమన్నాడు. జన్మనిచ్చేవాడు అల్లాహ్, తల్లిదండ్రులు దానికి సాధనం మాత్రమే. అయినా ఆ సాధనాన్ని విస్మరించవద్దన్నాడు. స్వస్థత విషయమూ అంతే. ప్రదాత అల్లాహ్. ఎవరి చేతుల మీదుగా దాన్ని మనకు అందించాడో వారి మేలును గుర్తించటం ఆయన నిర్ణయాన్ని గౌరవించటమే. ఆరాధన ఆయనకే, కృతజ్ఞత వారికి కూడా. ఈ రెంటి మధ్య వైరుధ్యం లేదు.

దైవప్రవక్త (స) ఆచరణ

మస్జిదె నబవీని ఊడ్చి శుభ్రం చేసే ఒక సామాన్య స్త్రీ ఉండేవారు. ఆమె కొన్నాళ్ళు కనిపించకపోతే ప్రవక్త (స) ఆమెను గురించి అడిగారు. చనిపోయిందని సహాబాలు చెప్పగా, ఆ సంగతి తనకెందుకు తెలుపలేదని ప్రశ్నించారు. సమాధి ఎక్కడుందో కనుక్కుని, అక్కడికి వెళ్ళి ఆమె కోసం నమాజు చేశారు. ఎవరి కంటికీ ఆనని సేవ కూడా ఆయన దృష్టిని దాటిపోలేదు. ఆసుపత్రి వార్డులో నేల తుడిచే ఆయా, స్ట్రెచర్ తోసే మనిషి మన దృష్టికి వస్తున్నారా అని ఒకసారి ఆలోచించాలి.

కందక యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడినప్పుడు ఆయన్ను ప్రవక్త (స) మస్జిదులోని గుడారంలో ఉంచారు. గాయపడినవారికి అక్కడ సేవ చేసిన మహిళ హజ్రత్ రుఫైదా (రజి). పుణ్యఫలం మాత్రమే కోరి, దిక్కులేని క్షతగాత్రుల సేవకు ఆమె తనను అంకితం చేసుకున్నారని చరిత్రకారులు రాశారు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధయాత్రలలో పాల్గొని, వంట చేసి పెట్టి, గాయపడినవారికి కట్లు కట్టారు. వారి పేర్లు నేటికీ మనకు తెలుసునంటే, ఆ సమాజం తన సేవకులను మరచిపోలేదన్నమాట.

మేలు చేసినవారు ముస్లిములు కాకపోతే? దీనికీ ప్రవక్త (స) జీవితంలో సమాధానం ఉంది. తాయిఫ్ నుండి తిరిగి వచ్చినప్పుడు ఆయనకు రక్షణ కల్పించి మక్కాలోకి తీసుకువచ్చినవాడు ముత్ఇమ్ బిన్ అదీ. అతను ఇస్లాం స్వీకరించకుండానే చనిపోయాడు. తరువాత బద్ర్ ఖైదీల ప్రస్తావన వచ్చినప్పుడు, ముత్ఇమ్ బతికి ఉండి వీరి గురించి తనతో ఒక మాట చెప్పి ఉంటే అతని కోసం వీరిని వదిలిపెట్టేవాణ్ణని ప్రవక్త (స) అన్నారు. ఈ విషయం బుఖారీలో ఉంది. మన బిడ్డకు రక్తమిచ్చిన హిందూ సోదరునికి, మందులు కొనిచ్చిన క్రైస్తవ సోదరికి మనస్ఫూర్తిగా కృతజ్ఞత తెలుపటం సున్నత్‌కు దగ్గరైన పని.

పేరు తెలియని ఉపకారులు

రచయితగా, హకీంగా పేరుపొందిన ఇబ్నె నఫీస్ 1288లో కైరోలో మరణించారు. గుండె నుండి ఊపిరితిత్తుల గుండా రక్తం ప్రసరించే తీరును మొట్టమొదట వివరించినవారు ఆయనే. తన ఇంటినీ, గ్రంథాలయాన్నీ ఆ నగరంలోని మన్సూరీ ఆసుపత్రికి రాసిచ్చారు. అది వఖ్ఫ్ ఆస్తులపై నడిచిన ఆసుపత్రి. ఇటువంటి దాతల పేర్లు చరిత్ర పుస్తకాలలో మిగిలాయి. మిగలనివారే ఎక్కువ.

మన సికింద్రాబాదు సంగతే చూడండి. 1897 ఆగస్టులో డాక్టర్ రొనాల్డ్ రాస్ మలేరియా ఎలా వ్యాపిస్తుందో కనుగొనటానికి పరిశోధన చేస్తున్నారు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమల చేత కుట్టించుకోవటానికి ఒప్పుకున్నాడు. ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. అతని రక్తం తాగిన దోమ కడుపులోనే ఆగస్టు 20న రాస్‌కు మలేరియా క్రిమి కనిపించింది. ప్రపంచమంతటా దోమల నిర్మూలనకు, దోమతెరల వాడకానికి ఆ ఆవిష్కరణే పునాది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం లభించింది. హుసేన్ ఖాన్‌కు అణాలు ముట్టాయి. మనుషుల లెక్క అక్కడితో ముగిసింది. అల్లాహ్ వద్ద అణువంత మేలు కూడా వృథా కాదు.

కరోనా కాలంలో, 2020 నవంబరులో, హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్ టీకా మూడవ దశ పరీక్ష మొదలైంది. దేశమంతటా 25,800 మంది అందులో పాల్గొన్నారు. వారిలో సగం మందికి టీకా, సగం మందికి మందులేని సూది. తనకు ఏది వేశారో ఎవరికీ తెలియదు. ఆ తరువాత టీకా వేయించుకున్న మనలో ఎందరు వారి కోసం ఒక్క దుఆ చేశారు?

తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. పన్నెండేళ్ళ బిడ్డ ఒంట్లో అప్పటికే వందలమంది దాతల రక్తం ప్రవహించి ఉంటుంది. వారిలో ఎవరి ముఖమూ ఆ తల్లి చూసి ఉండదు.

ఇచ్చేవారు ఆశించరాదు, పొందినవారు మరువరాదు

ఇక్కడ దాతలకూ ఒక పాఠం ఉంది. పేదలకు, అనాథలకు, ఖైదీలకు అన్నం పెట్టి, ప్రతిఫలాన్ని గాని కృతజ్ఞతను గాని కోరని సజ్జనులను అల్లాహ్ 76వ సూరాలో ప్రశంసించాడు. చేసిన మేలును ఎత్తిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని అల్‌బఖరా సూరాలో హెచ్చరించాడు. రోగి చేతిలో చెక్కు పెట్టి, మంచం చుట్టూ నిలబడి ఫొటో తీయించుకునేవారు ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి. జబ్బు మనిషికి కూడా మర్యాద ఉంది.

అయితే దాత ఆశించకూడదన్న మాట పొందినవానికి సాకు కారాదు. అతని కర్తవ్యం అతనిది, మన కర్తవ్యం మనది.

కృతజ్ఞత ఎలా తెలపాలి?

1. నోటితో చెప్పాలి. మేలు చేసినవానికి 'జజాకల్లాహు ఖైరన్' అన్నవాడు ప్రశంసలో ఏ లోటూ చేయలేదని హదీసులో ఉంది. ఎదుటివారికి ఆ మాట తెలియకపోతే వారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి.

2. దుఆ చేయాలి. మేలుకు బదులు మేలు చేయమని, చేయలేకపోతే ఆ రుణం తీరిందని అనిపించేవరకు దుఆ చేయమని ప్రవక్త (స) ఉపదేశించారు. పేరు తెలిస్తే పేరుతో, తెలియకపోతే 'ఓ అల్లాహ్! నీకు తెలిసిన ఆ దాసులకు' అంటూ వేడుకోవాలి.

3. అమానత్‌ను కాపాడాలి. వైద్యానికని ఇచ్చిన సొమ్మును వైద్యానికే వాడాలి. మిగిలితే ఇచ్చినవారికి తెలిపి, వారి అనుమతితో మరో రోగికి చేర్చాలి. లెక్క చూపటం కూడా కృతజ్ఞతే.

4. సేవకుల కష్టం గుర్తించాలి. రాత్రి కాపలా ఉన్న స్వచ్ఛంద సేవకునికి తెల్లవారి ఒక కప్పు టీ, కాసేపు విశ్రాంతి ఇవ్వటం మన వంతు.

5. చేతనైన రోజున మనమూ ఇవ్వాలి. ఆరోగ్యవంతుడైన పురుషుడు మూడు నెలలకొకసారి, స్త్రీ నాలుగు నెలలకొకసారి రక్తదానం చేయవచ్చు. రక్తం పుచ్చుకున్న ఇంటి నుండి ఒక్కరైనా రక్తదాతగా బయలుదేరితే, పేరు తెలియని ఆ దాతకు అంతకన్నా మంచి జవాబు లేదు.

సోదర సోదరీమణులారా! ఈ రాత్రి ఇషా నమాజు తరువాత పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. మీ ఇంట్లో ఎవరి జబ్బుకు ఎవరెవరు ఆదుకున్నారో వారికి చెప్పండి. వారందరి కోసం కలిసి చేతులెత్తండి. దూరాన ఉన్నవారికి ఫోను చేసి ఒక మంచిమాట చెప్పండి.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, వారికి తోడ్పడినవారికి ఇహపరాలలో ఉత్తమ ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక! మనల్ని మేలు మరువని దాసులలో చేర్చుగాక! ఆమీన్.