ఈ నేల మొక్క ఏది?

మోక చుట్టుపక్కల బీడు భూములలో ఒక ముళ్ళచెట్టు కనిపిస్తుంది. కన్నడంలో దానిని 'బళ్ళారి జాలి' అంటారు. తెలుగులో అది సర్కారు తుమ్మ. పేరులో మన జిల్లా ఉన్నా, దాని పుట్టిల్లు అమెరికా ఖండం. అది కరవును తట్టుకుంటుంది, వంటచెరకు ఇస్తుంది. కాని తన నీడలో ఇక్కడి గడ్డిని, మొక్కలను ఎదగనీయదు. పచ్చగా కనిపించేదంతా అడవి కాదు.

మరి ఈ నేలకు చెందిన మొక్కలేవి? అది తెలుసుకోవడానికి జీవితాన్ని వెచ్చించిన వారిలో ఆచార్య టి. పుల్లయ్య ఒకరు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివి, 1973లో ఎమ్మెస్సీ, 1976లో పిహెచ్.డి. పట్టాలు పొందారు. మాస్కోలో పరిశోధన చేశారు. తరువాత మన పొరుగున అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఎన్. యశోదతో కలిసి 1989లో అనంతపురం జిల్లా మొక్కలపై గ్రంథం వెలువరించారు. ఇటువంటి గ్రంథం కోసం కొండలు, గుట్టలు తిరగాలి. మొక్కను సేకరించి, ఎండబెట్టి, అట్టకు అతికించి, పేరు, చోటు, తేదీ రాయాలి. ఊరికి ఓటర్ల జాబితా ఎటువంటిదో, నేలకు ఈ గ్రంథం అటువంటిది.

ఈ విద్య ఎందుకు అక్కరకు వస్తుందో మన సండూరు కొండలు చెబుతాయి. అక్కడ ఇనుప ఖనిజం కోసం కొండలను తవ్వారు. అడవి పోయింది, పైమట్టి కొట్టుకుపోయింది. 2011లో సుప్రీంకోర్టు ఈ జిల్లాలో తవ్వకాలను నిలిపివేసింది. 2013లో తీర్పునిస్తూ, తీవ్రమైన అక్రమాలు జరిగిన గనుల లీజులను రద్దు చేసింది. మిగిలినవారు చెడిన నేలను బాగుచేసే ప్రణాళికను అమలుచేయాలని షరతు పెట్టింది.

అయితే గుంత తీసి మొక్క నాటితే చాలదు. మొదట రాతికట్టలతో వాననీటి ఉరవడిని తగ్గించాలి. గడ్డి మొలిచి మట్టిని పట్టుకోవాలి. ఆపై తంగేడు వంటి పొదలు, తరువాత చిరుమాను, తుమికి వంటి చెట్లు నిలుస్తాయి. ఏ వాలులో ఏది పెరిగేదో తెలిసినవారే ఈ పని చేయగలరు. పి.యు.సి.లో జీవశాస్త్రం, ఆపై వృక్షశాస్త్రం చదివేవారికి ఇక్కడ చేతినిండా పని ఉంది. పోయిన అడవిని తిరిగి తేవాలంటే ముందు దాని మొక్కల పేర్లు తెలియాలి.

ప్రశ్నలు
1. సర్కారు తుమ్మ పచ్చగా ఉన్నా అడవి ఎందుకు కాదు?
2. నేలను బాగుచేయడంలో గడ్డి చేసే పని ఏమిటి?
3. మీ అవ్వతాతలను అడిగి, మీ ఊరి పది మొక్కల పేర్లు తెలుగులోను, కన్నడంలోను రాయండి.