పాలిటెక్నిక్ విద్యలో పాఠము – ప్రయోగము

పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ శాఖలకు వచ్చు విద్యార్థులలో రెండు తెగలవారిని మేము చూచుచున్నాము. కొందరికి సూత్రములన్నియు కంఠస్థములే గాని స్క్రూడ్రైవరు పట్టుటకు జంకుదురు. మరికొందరు సెలవులలో రేడియో, మోటారు మరమ్మతు దుకాణములలో ఉస్తాదుల చేతిక్రింద పనిచేసినవారు. వీరికి తరగతి గది కాలయాపనగా తోచును. ఈ ఇరువురును ఒకే చోట పొరబడుట మేము కన్నులార చూచితిమి.

ఒక జట్టు విద్యార్థులు పవర్ సప్లయి నిర్మింపబూనిరి. 230 వోల్టులను 12 వోల్టులకు దించు చిన్న ట్రాన్స్‌ఫార్మరు, బ్రిడ్జిగా కలిపిన నాలుగు సిలికాన్ డయోడ్లు, ఒక కెపాసిటరు – ఉన్నదింతే. దుకాణపు అనుభవము గలవాడు ట్రాన్స్‌ఫార్మరుపై 12 అను అంకెను చూచి, 16 వోల్టుల కెపాసిటరు చాలుననెను. లెక్కలలో దిట్టయైనవాడు కాగితము తీసెను. 12 అనునది ఆర్.ఎమ్.ఎస్. విలువ, దానిని 1.414 చేత గుణింపగా శిఖర విలువ సుమారు 17. ఒకేసారి పనిచేయు రెండు డయోడ్లలో 1.4 పోగా మిగులునది 15.6. కనుక వాడును 16 చాలుననెను! కొన్ని దినములకు ఆ కెపాసిటరు ఉబ్బి పగిలి, లోని ద్రవము బల్లపై చిమ్మెను. ఆ సమయమున ఎవరును దానిపైకి వంగియుండలేదు గనుక కన్నులు దక్కినవి.

కారణమేమి? ట్రాన్స్‌ఫార్మరుపై వ్రాయబడిన 12 వోల్టులు పూర్తి లోడు ఉన్నప్పటివి. లోడు లేనపుడు చిన్న ట్రాన్స్‌ఫార్మరు 14 వోల్టుల వరకు ఈయవచ్చును. రాత్రివేళ సరఫరా 250కి పెరిగినచో అది 15 దాటును. అపుడు కెపాసిటరుపై పడునది సుమారు 20 వోల్టులు. 25 వోల్టులదైనను, ఇంకను సురక్షితముగా 35 వోల్టులదైనను వాడవలసియుండెను. లోడు తీసి ఒక్కసారి మీటరు పెట్టియుండినచో పొరబాటు బయటపడియుండెడిది. అయితే ఆ మీటరు ఎందుకు పెట్టవలెనో చెప్పునది పాఠమే.

రికార్డు పుస్తకముల సంగతి వ్రాయుటకు మాకే సిగ్గగుచున్నది. సరఫరా 205 వోల్టులకు పడిపోయిన ఒకనాడు సైతము, నిరుటి రికార్డులోని రీడింగులే అందరి పుస్తకములలోను దశాంశముతో సహా ప్రత్యక్షమైనవి. ఇందుకు విద్యార్థులను మాత్రమే నిందింపజాలము. ఎనిమిది మందికి ఒక మీటరు ఉన్నచోట ఇద్దరు పనిచేయుదురు, ఆర్గురు వ్రాసికొందురు.

1961 నాటి అప్రెంటిస్ చట్టమును 1973లో సవరించి డిప్లొమా పొందినవారికిని శిక్షణావకాశము కల్పించిరి. అయితే కర్మాగారమున అడుగిడు నాటికే చేతికి అలవాటు, బుద్ధికి ప్రశ్న రెండును ఉండవలెను గదా!

కళాశాల కమిటీ వారికి మా విన్నపము: ఇద్దరికొక మల్టీమీటరు సమకూర్చుడు. ప్రయోగమునకు ముందు ప్రతి విద్యార్థియు రాదగిన రీడింగును లెక్కించి వ్రాసి సంతకము చేయించుకొనవలెను. పిదప మీటరు చూపినదానిని ప్రక్కన వ్రాయవలెను. రెంటికిని గల తేడాకు కారణము వ్రాసినవారికే మార్కులు వేయుడు. తేడా లేదని వ్రాసినవారిని మరల బల్లయొద్దకు పంపుడు.